మంచులో కూర్చున్నామె

రెండేళ్ల కిందట, మే నెల ఎండలో, పుదుచ్చేరి బస్టాండులో టౌను బస్సెక్కాను. వచ్చే జనవరిలో నాతో జపానుకు వస్తానన్న స్నేహితురాలు అంతకు ముందు రోజే మానుకుంది. ఒక్కదాన్నే వెళ్లే ధైర్యం నాకు లేదు. "టికెట్టు రద్దు చేసేస్తా" అని ఫోనులో అక్కకు చెప్పి, మంచు కప్పిన ఊరి ఫోటో చూస్తూ కూర్చున్నాను.

పక్కసీటులో ఉన్న అరవై దాటిన ఆమె తొంగి చూసింది.

"జపానే కదా పాపా? పోయిన మార్గళి నెల చలిలో నేను పోయినా."

"మంచు ఎలా ఉంటుందమ్మా?" అన్నాను ఆశ్చర్యంగా.

"యాడ చూసినా తెలుపే. బజారులో పుట్టి పెరిగినదాన్ని, చప్పుడు లేని తావు నేను చూసిందే లేదు. మైమరిచి నడస్తా జారి పడినా. నా మాదిరి ముసలామె ఒకామె వచ్చి, లేపబోయి తానూ పడింది. ఒకరి మాట ఒకరికి తెలీదు. ఏం చేసేది? ఆడనే కూర్చొని నవ్వినాం, కండ్లలో నీళ్లొచ్చేదాకా."

చెబుతూనే మళ్లీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

"ఒక్కదాన్నే అంటే భయంగా ఉందమ్మా."

"నేను పెద్ద గుంపుతో పోయినా పాపా. ఆ గుంపులో ఒక్కరి మొగమూ గుర్తు లేదు. ఆమె మొగమే ఉంది."

రెడ్డియార్‌పాళయంలో నా తల నిమిరి దిగిపోయింది. ఆమె పేరైనా నేను అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం బజారుకెళ్లి ఉన్ని మేజోళ్లు అడిగాను. అంగడాయన బయటి ఎండనూ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఇప్పుడా?" అన్నాడు.

"రెండు జతలు ఇవ్వండి" అన్నాను.