గడ్డి బండికి దారం కట్టిన తోడల్లుడు

ఆళ్లగడ్డలో మా తోడల్లుడు పోయాడన్న కబురు నంద్యాలలోని నా షెడ్డుకు బస్సు కండక్టరు తెచ్చాడు. "మెకానిక్కు అన్న పాయనప్పా. పొద్దున టీ తాగతా తాగతా కూలబడినాడంట" అన్నాడు. ఆళ్లగడ్డలో మెకానిక్కులు ఎంతమంది లేరు? కానీ 'మెకానిక్కు అన్న' అంటే ఆయనొక్కడే. నేనూ అదే పని చేస్తాను, నన్నెవరూ అలా అనలేదు. చావు కబురు విన్న ఆ నిమిషంలోనూ నాకు తట్టింది అదే. ఏం చేయను, నా బుద్ధి అంతే!

ఆయన మా ఆవిడకు అక్క మొగుడు. ఆ ఇంటికి పెద్దల్లుడు. మా మామ ఆళ్లగడ్డ చర్చి కాంపౌండు బాగోగులు చూసేవారు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ఇంట్లోవాళ్ళను పేరుపేరునా దేవుడికి అప్పగించేవారు. పెద్దల్లుడి పేరు ముందుండేది, దాని వెనుక "వాని చేతులకు బలమియ్యి తండ్రీ" అని ఇంకో ముక్క. నేను మాత్రం "తక్కినోళ్ళందరినీ" అన్న మాటలో కలిసిపోయేవాణ్ణి. కళ్ళు మూసుకునే పళ్ళు కొరికేవాణ్ణి. మామ నోట ఒక్కసారి నా పేరు వినాలి, అంతే నా కోరిక.

డెబ్బైల చివర్లో ఆ అవకాశం వచ్చింది. మిషను దొరలు వెళ్ళిపోతూ వదిలేసిన గడ్డి కోసే బండి ఒకటి కాంపౌండులో ఉండేది. మీద కూర్చుని నడిపితే, సీటు కింద బోర్లించిన ఇనుప తొడుగులో బ్లేడు గిర్రున తిరిగేది. అయితే గోడ పక్కనే శిల్పులు విగ్రహాలు చెక్కేవాళ్ళు. రాతి పెళ్ళలు గడ్డి నిండా పడి ఉండేవి. పెళ్ళ తగిలితే బ్లేడు విరిగేది. మామ నన్ను పిలిచారు. ముందు నన్నే! లారీ స్ప్రింగు పట్టీ కోసి మందపాటి బ్లేడు చేసి బిగించాను. బ్లేడు విరగలేదు. రాయే వడిసెల నుంచి లేచినట్టు లేచి చర్చి కిటికీ అద్దం పగలగొట్టింది. ఆ సాయంత్రం ప్రార్థనలో మామ ఆ అద్దాన్ని కూడా తలుచుకున్నారు, నన్ను తలుచుకోలేదు.

కొన్నాళ్ళకు దొర్నిపాడులో ఒక రైతు ఆయిలింజను బాగుచేయడానికి ఇద్దరం కలిసి వెళ్ళాం. ఇంజను చక్రానికి నైలాన్ తాడు కొస ఒకటి చిక్కుకుని, తిరిగినంత మేరా గడ్డిని నున్నగా గొరిగేసింది.

"అన్నా, ఆ తాడు కోసి పారేయ్, బెల్టుకు చుట్టుకుంటాది" అన్నాను.

ఆయన గొంతుకూర్చుని గడ్డి కొసలు తడుముతున్నాడు.

"ఏందన్నా చూస్తాండావ్?"

"ఆడ రాయి ఉండాది చూడప్పా. తాడు దానికి తగిలి పక్కకు పోతాంది. కొట్లాడల్యా."

ఇద్దరం చూసింది ఒకటే గడ్డి. కనబడింది ఆయనకు! ఆళ్లగడ్డకు తిరిగొచ్చి కాంపౌండు బండి బ్లేడు ఊడదీసి, అక్కడ గుండ్రటి ఇనుప బిళ్ళ బిగించాడు. అంచున బెజ్జాలు వేసి, లావుపాటి నైలాన్ దారం ముక్కలు దూర్చి లోపల ముడులు వేశాడు. మొదటి రోజు దారాలన్నీ బెజ్జాల అంచులకు ఒరుసుకుని తెగిపోయాయి. నేను ఎంత సంతోషించానో చెప్పలేను. మళ్ళీ ఆదివారానికి బెజ్జాల్లో రాగి గొట్టం ముక్కలు పెట్టి అంచులు నున్నగా మలిచాడు. దారం నిలిచింది, గడ్డి తెగింది, అద్దాలూ దక్కాయి. కోతకు ముందురోజే దారాన్ని నీళ్ళ కుండలో నానబెట్టేవాడు. "ఎండిన దారం పుటుక్కుమంటాది. దానికీ దప్పికైతాదప్పా" అనేవాడు.

"మా బావ బుర్ర చూసినావా?" అంది మా ఆవిడ ఇంటికి రాగానే.

"చూసినాలే, అన్నం పెట్టు" అన్నాను.

చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. మంచివాడు, అదే నా ఖర్మ. నా షెడ్డుకు వస్తే, మాట్లాడుతూనే నా పనిముట్లు తుడిచి వరసగా పెట్టేవాడు. "వెల్డింగంటే నంద్యాలలో మా తమ్మునికాడికి పో" అని గిరాకీని నా దగ్గరికి పంపేవాడు. నా ఇల్లు నిలబడిందంటే అందులో సగం ఆయన చలవే. ఆయన పంపిన బండ్లు బాగుచేస్తూ కూడా ఆయన మీద కుళ్ళుకునేవాణ్ణి.

మట్టి చేసే రోజు మామ పెట్టె పక్కన నిలబడి ప్రార్థన ఎత్తుకున్నారు. పెద్దల్లుడి పేరు చెప్పారు. తర్వాత నా భుజం పట్టుకుని, నా పేరు చెప్పారు. "వీణ్ణయినా మాకు మిగిల్చినావు తండ్రీ, నీకు వందనాలు" అన్నారు.

ఇన్నేళ్ళకు వచ్చింది నా పేరు. విని కుళ్ళుకోవాల్సిన మనిషి పెట్టెలో పడుకుని ఉన్నాడు. ఉండి ఉంటే మాత్రం కుళ్ళుకునేవాడా? అందరికంటే గట్టిగా "ఆమెన్" అనేవాడు. ఆ గొంతు కోసం కళ్ళు మూసుకునే ఆగాను. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆమెన్ అన్నారు. అంతమంది అన్నా చిన్నగానే వినబడింది.