కాలికి ముడతలు పడేదాకా

కుదురుగా కూర్చోవడం నాకు పుట్టుకతో రాలేదు. బడిలో లెక్కలు చెబుతూ కూడా బల్లల మధ్య తిరుగుతూనే ఉంటాను. నాకు కాలు కాలిన పిల్లి అని పేరు పెట్టింది మా అత్తే. అలాంటి నన్ను మంచానికి కట్టేసింది కూడా ఆవిడ మొక్కజొన్నే.

చీపురుపల్లి రోడ్డు నుంచి మా ఊరికి తిరిగే మలుపులో, అందరిలాగే ఆవిడ కూడా గింజల్ని సగం రోడ్డు మీద ఆరబోసింది. బడి నుంచి వస్తూ ఎదురుగా ఆటో కనబడి బ్రేకు వేశాను. చక్రం గింజల మీద జారింది, స్కూటీ వచ్చి ఎడమకాలి మీద పడింది. గింజల కాపలాకు గట్టు మీద కూర్చున్న అత్త పరుగెత్తుకొచ్చింది. నన్ను చూసింది, కింద గింజలు చూసింది. ఆ రోజు నుంచి ఆవిడకు అన్నం సహించలేదు.

విజయనగరంలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, మోకాలి కిందే ఎముక విరిగిందన్నారు. కాలు పొడుగునా కోయక్కర్లేదట. మోకాలి కింద చిన్న గాటు పెట్టి, అందులోంచి ప్లేటును చర్మం కిందుగా ఎముక వెంట దూర్చి, చిన్న చిన్న రంధ్రాల్లోంచి స్క్రూలు బిగిస్తారట. అయితే రేపే చేసెయ్యండి అన్నాను. ఆయన నవ్వి, వాచి నిగనిగలాడుతున్న నా కాలు చూపించారు. అక్కడ చర్మం పల్చన, వాపు మీద కోస్తే గాయం మానదు, చీము పడితే మొదటికే మోసం. చర్మం మీద ముడతలు కనబడాలి, అప్పుడే ఆపరేషన్ అన్నారు. వెనక సగం పిండికట్టు, పైన గుడ్డకట్టు వేసి, కాలు దిళ్ళ మీద ఎత్తి పెట్టుకోమని, వేడి మాత్రం తగలనివ్వొద్దని చెప్పి వారానికి రమ్మన్నారు. వేడి వద్దన్న మాట నేను శుభ్రంగా విన్నాను.

మూడు రోజులు మంచం మీద పడి ఉన్నాను. పదో తరగతి పిల్లలకు ఫోన్లో లెక్కలు చెప్పబోతే సిగ్నల్ ఉండేది కాదు. గంటకోసారి కట్టు అంచు తొలగించి ముడతల కోసం వెతుక్కునేదాన్ని. చర్మం డోలు బిగించినట్టే ఉండేది. రోడ్డు మీద గింజల మాట ఇంట్లో ఒక్కరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అత్త గదిలోకి వస్తే మాత్రం మొహం గోడకు తిప్పేసుకునేదాన్ని.

నాలుగో రోజు మధ్యాహ్నం మా ఆయన పొలానికి వెళ్ళాక నేనే అత్తను పిలిచి, తవుడు వేయించి మూటకట్టి కాపడం పెట్టమన్నాను. ఊళ్ళో ఎవరికి బెణికినా ఆవిడ చేసే వైద్యం అదే. డాక్టరు వద్దన్నాడు కదా అని ఆవిడ నసిగింది. వారం రోజులు ఇలా పడి ఉంటే చచ్చిపోతానని కసిరాను. గుడ్డకట్టు విప్పించి, ఇంకా, ఇంకా అంటూ పెట్టించుకున్నాను. వాపు తిమ్మిరిలో ఎంత వేడో తెలియలేదు. సాయంత్రానికి కాలంతా నీటి పొక్కులు.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరు కట్టు విప్పి, ఇది ఎవరు చేశారని అడిగారు. నేను పక్కనున్న మా ఆయన ముఖం చూసి తల దించుకున్నాను. మూల నుంచి అత్త అంది.

"నానే బాబూ. పిల్ల నిద్దరోతంటే పెట్టీసినాను."

పొక్కులు ఎండేదాకా కత్తి పెట్టనన్నారు డాక్టరు. మరీ ఆలస్యమైతే ఎముక వంకరగా అతుక్కుంటుంది, జీవితాంతం కుంటాల్సి రావొచ్చన్నారు. మా ఆయన తల్లిని ఆసుపత్రి మెట్ల మీదే నలుగురూ వినేలా తిట్టాడు. ఆ తర్వాత ఆవిడతో మాట్లాడడమే మానేశాడు. విచిత్రమేమిటంటే, ఆ పూట ఇంటికొచ్చి అత్త కడుపునిండా అన్నం తింది. ఎంత మొండి మనిషి అనుకున్నాను. నిజం చెప్పని నా పిరికితనం మీద నాకే అసహ్యం వేసింది. అయినా చెప్పలేదు.

ఆ తర్వాత పది రోజులూ ఇద్దరం ఆ కాలినే చూస్తూ బతికాం. పదకొండో రోజు పొద్దున చర్మం మీద సన్నటి ముడతలు ముందు ఆవిడకే కనబడ్డాయి. ఆపరేషన్ జరిగింది. నడుముకు మత్తిచ్చి తెర కట్టారు. తెర అవతల డ్రిల్లు చప్పుడు వింటూ లేచి పారిపోవాలనిపించింది గానీ, కాళ్ళు ఉన్నట్టే తెలియలేదు. తర్వాత చూస్తే ఒక చిన్న గాటు, నాలుగు చుక్కలు. ఇంతేనా అంది అత్త.

రెండు నెలలు ఆ కాలు నేల మీద మోపకూడదన్నారు. అత్త నన్ను వాకర్‌తో నడిపించేది, స్నానం చేయించేది. కొడుకు మాత్రం ఆవిడ వడ్డిస్తే తినడు. ఒక మధ్యాహ్నం ముగ్గురం కంచాల ముందు ఉండగా ఇక నావల్ల కాలేదు. కాపడం అడిగింది నేనే, మెలకువగా ఉండే పెట్టించుకున్నాను అని చెప్పేశాను. మా ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు. అత్త ముఖం వెలగాలి కదా. ఆవిడ కంచం పక్కకు తోసేసింది.

"ఒలే, ఎందుకు సెప్పీసినావు? రోడ్డు మీద గింజలు పోసింది నాను. ఆ మాట మీరు ఒక్కులూ అన్నేదు. ఏదో ఒక తిట్టు నా మీద పడితే గానీ నాకు ముద్ద దిగదు."

అప్పుడు ఇన్నాళ్ళూ గోడకు చెప్పుకున్నదంతా బయటికొచ్చేసింది. గింజలు ఆరబోసుకోవడానికి రోడ్డేమైనా మన కళ్ళమా అత్తా అని అరిచాను. నా కాలూ, నా బడీ, నా పదో తరగతి పిల్లలూ అన్నీ నీ గింజల పాలయ్యాయి అన్నాను. ఏడుస్తూ అన్నాను. ఆవిడ తల వంచుకుని చివరిదాకా విన్నది. నేను ఆగాక, కొంగుతో మొహం తుడుచుకుని, కంచం దగ్గరికి లాక్కుని అన్నం కలుపుకుంది.