చిక్కం నేలకి తగలనివ్వని శౌరి

శౌరి పేరు మీరు వినుండరు గానీ శౌరిని చూసే ఉంటారు. మొన్న మే నెలలో ఆ వీడియో మీ ఫోనుకీ వచ్చే ఉంటుంది. నెత్తికి తువ్వాలు చుట్టుకున్న ఒక బక్కమనిషి పొడుగాటి కర్ర పైకెత్తుతాడు. ఆ వెంటనే కానిస్టేబుల్ లాఠీ అతని ముంజేతి మీద పడుతుంది. ఇంకో ఇద్దరు వచ్చి చేరతారు. కింద పడిపోయాక కూడా కొడతారు. మొత్తం ఇరవై మూడు సెకన్లు. చూసినవాళ్ళలో సగం మంది "అయ్యో పాపం" అన్నారు. మిగతా సగం మంది "పోలీసు మీద కర్రెత్తితే ముద్దు పెట్టుకుంటారా?" అన్నారు. ఆ బక్కమనిషే శౌరి.

నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటల్లో ముప్ఫై ఎనిమిదేళ్ళుగా కాయ కోస్తున్నాడు. పద్నాలుగో ఏట తండ్రి అతని చేతికి చిక్కం ఇచ్చాడు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, చిక్కం అంటే పన్నెండడుగుల వెదురు గడ, దాని కొసన ఇనప కమ్మీ, కమ్మీకి చిన్న కత్తి, కింద వల. కాయని వలలోకి తీసుకుని తొడిమని కత్తికి తగిలించి లాగితే చాలు, కాయ మెత్తగా వలలో పడుతుంది. తండ్రి ఆ రోజు చెప్పింది ఒక్కటే. "వల నేలకి తగలనివ్వకురా." నేలకి తగిలితే ఇసక పట్టుకుంటుంది, ఇసక కాయని గీరుతుంది, గీరిన చోట మూడో రోజుకి నల్లమచ్చ వస్తుంది. మచ్చ పడిన రసం కాయని ఏ వ్యాపారీ తీసుకోడు. అందుకని కాయకోత మనిషి చిక్కాన్ని పైకెత్తి చెట్టుకి ఆనిస్తాడు, పాకకి ఆనిస్తాడు. ఏదీ దొరక్కపోతే భుజాన పెట్టుకుని నిలబడే అన్నం తింటాడు గానీ కింద మాత్రం పడెయ్యడు.

ఈ విషయంలో శౌరి మరీ చాదస్తుడు. కూతురు షీబాకి ఏడేళ్ళప్పుడు, ఓసారి తోటకి వచ్చి ఆటలో చిక్కాన్ని మట్టిలో పడేసింది. శౌరి పిల్లని కొట్టలేదు, తిట్టలేదు. పొద్దుగూకేదాకా దానితో మాట్లాడలేదు, అంతే. ఆఖరికి ఆ పిల్లే బకెట్టు నీళ్ళు తెచ్చి వల కడిగి, ముని వేళ్ళ మీద లేచి, ఆ పొడుగాటి గడని పడుతూ లేస్తూ పాక గోడకి ఆనించింది. అప్పుడు దగ్గరికి తీసుకున్నాడు. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది, తనూ ఏడ్చాడు. భార్య లీదియా ఇద్దర్నీ చూసి "పిచ్చి తండ్రీ, పిచ్చి కూతురూ" అని నవ్వింది.

ఆ లీదియా పోయి ఆరేళ్ళయింది. షీబా పెళ్ళి చేసుకుని హనుమాన్ జంక్షన్‌లో కాపురం ఉంటోంది. అల్లుడు ఇమ్మానుయేల్‌కి అక్కడ సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. శౌరి ఒక్కడే వండుకుంటాడు, ఒక్కడే తింటాడు. సీజన్లో మాత్రం మార్టిన్ తోడుంటాడు. మార్టిన్‌కి మోపెడ్ ఉంది, శౌరికి పనితనం ఉంది, పన్నెండేళ్ళుగా ఇద్దరూ ఒకే బండి మీద తోటలు తిరుగుతున్నారు.

వీడియో తీసిన ఆ రోజు సాయంత్రం ఆగిరిపల్లి వైపు ఒక తోటలో కోత ముగించి వస్తున్నారు. మార్టిన్ బండి నడుపుతున్నాడు, వెనక శౌరి చిక్కం పట్టుకుని కూర్చున్నాడు. తోటల్లో కాయలు పోతున్నాయని ఫిర్యాదులొచ్చి, పోలీసులు కల్వర్టు దగ్గర దారి కాసి బళ్ళు ఆపుతున్నారు. బస్సొకటి ఆగి ఉంది. వెంకట్ అనే కానిస్టేబుల్ చెయ్యెత్తి బండి ఆపాడు.

"ఏంట్రా ఆ కర్ర? కత్తి కూడా ఉందే! కింద పడెయ్."

"అలాగేనండి" అంటూ శౌరి దిగాడు. దిగాడే గానీ పడెయ్యలేదు. చుట్టూ చూశాడు. చెట్టు లేదు, గోడ లేదు. పడెయ్యమంటుంటే వినపడట్లేదా అని వెంకట్ గట్టిగా అరిచాడు. కనిపించింది ఆ బస్సొక్కటే. పోనీ దానికి ఆనిద్దామని చిక్కాన్ని పైకెత్తి అటు తిప్పాడు. అరుపు విని ఫోను తీసిన హాసిని అనే కాలేజీ అమ్మాయి కిటికీలోంచి రికార్డు చెయ్యడం మొదలుపెట్టింది సరిగ్గా అప్పుడే. ఆ అమ్మాయి మంచిదే, ఆమె ఫోను చూసే పోలీసులు కొట్టడం ఆపారని బస్సులో వాళ్ళు చెప్పుకున్నారు. కానీ "అలాగేనండి" అన్న మాట వీడియోలో లేదు. చుట్టూ వెతుక్కున్న చూపు లేదు. కర్ర పైకి లేవడంతోనే కథ మొదలవుతుంది.

ఇక చూడండి గోల! ప్రతి ఛానల్లోనూ అదే. కర్ర చుట్టూ ఎర్ర సున్నా చుట్టారు, బాణం గుర్తు పెట్టారు, కర్ర ఎన్ని డిగ్రీలు లేచిందో లెక్కగట్టడానికి ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టారు. హోటళ్ళ దగ్గర, బస్టాండులో, మైలవరం నుంచి జంక్షన్ దాకా ఊరూరా ఇదే మాట. ఆసుపత్రికి ఎవరెవరో వచ్చారు, శౌరి కట్టు చేతిని పట్టుకుని ఫొటోలు దిగారు. ఒకాయన ఆపిల్ పళ్ళు తెచ్చాడు. రసాల సీజన్లో రసాలు కోసేవాడికి ఆపిల్ పళ్ళు!

శౌరి తరఫున మాట్లాడినవాళ్ళు లేకపోలేదు. గొంతు చించుకుని మాట్లాడారు పాపం. అయితే అందరిదీ ఒకటే పాట. "కర్ర ఎత్తాడే అనుకుందాం, అంతమాత్రాన చెయ్యి విరగ్గొడతారా?" ఆ 'అనుకుందాం' అన్న మాట విన్నప్పుడల్లా శౌరికి ప్రాణం ఉసూరుమనేది. తిట్టేవాళ్ళూ వెనకేసుకొచ్చేవాళ్ళూ కూడా అతను పోలీసుని కొట్టబోయాడనే నమ్మారు. ఎందుకెత్తావయ్యా అని మనసుపెట్టి అడిగిన నాథుడు లేడు.

అన్నిటికన్నా ఘోరం ఏమిటంటే, ఆసుపత్రిలో ఎవరో ఆ వీడియో శౌరికే చూపించారు. తన దగ్గరున్నది బటన్ల ఫోను, అప్పటిదాకా చూడలేదు. ఆ చిన్న తెర మీద కర్రెత్తుతున్న మనిషిని చూస్తే, కొట్టడానికే ఎత్తాడని శౌరికీ అనిపించింది.

ఇంటికొచ్చిన మర్నాడు షీబా ఫోను చేసింది. అన్నం తిన్నావా, మందులు వేసుకున్నావా అని అడిగి, గొంతు తగ్గించింది.

"నాన్నా, నాకైనా నిజం చెప్పు. వాళ్ళని కొడదామనే ఎత్తావా? కోపంలో ఎవరికైనా చెయ్యి లేస్తుంది, నేనేం అనుకోను. ఇక్కడ కొట్టుకి వచ్చిన ప్రతివాడూ అడుగుతున్నాడు, ఆయన తలెత్తుకోలేకపోతున్నారు."

లాఠీ దెబ్బకి ఏడవని మనిషి, ఆ మాటకి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. 'వల కడిగి గోడకి ఆనించింది నువ్వే కదే' అని నోటిదాకా వచ్చింది. మింగేశాడు. తను గుర్తుచేసి ఒప్పించుకుంటే ఏముంది? దానికే గుర్తు రావాలి. "లేదమ్మా" అని మాత్రం అన్నాడు. "సరేలే" అంది షీబా. ఆ 'సరేలే' వారం రోజులు శౌరిని నిద్రపోనివ్వలేదు.

మార్టిన్ ఒక్కసారి వచ్చాడు, అదీ గుమ్మం దాకానే. మొదటి దెబ్బ పడగానే బండి స్టార్ట్ చేసుకుని పోయినవాడు లోపలికి ఏ ముఖంతో వస్తాడు?

"నువ్వొక్కడివి చెప్పరా, నేను చిక్కం ఎందుకెత్తానో" అన్నాడు శౌరి.

"నేను ముందుకి తిరిగున్నా కదన్నా. చూడలేదు."

"చూడక్కర్లేదురా. నీకు తెలుసు కదా!"

మార్టిన్ తల దించుకున్నాడు. "పిల్లలున్నోడిని అన్నా. రేపు మళ్ళీ ఆ దారినే తిరగాలి." చేతిలో ఉన్న బ్రెడ్డు ప్యాకెట్టు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. సీజన్ అయ్యేదాకా ఇంకొకరిని వెనకెక్కించుకుని తిరిగాడు. ఆ మోపెడ్ చప్పుడు రోజూ పొద్దున్నే శౌరి ఇంటి ముందు నుంచే వెళ్ళేది. ఆగేది కాదు.

పోలీసు మీద కర్రెత్తాడని శౌరి మీద కేసు పెట్టారు. జూలైలో ఆ గొడవ మీద విచారణ జరిగింది. అప్పటికి ఊరు వేరే వీడియోలు చూసుకుంటోంది. సౌభాగ్యలక్ష్మి అనే అధికారిణి వచ్చారు, నెమ్మదైన మనిషి. గది బయటే అందరి ఫోన్లూ తీసుకుని ట్రేలో పెట్టించారు. లోపల ఆవిడ, రాసుకునే గుమాస్తా, కానిస్టేబుల్ వెంకట్, శౌరి. నలుగురే. సాక్ష్యం కింద తెచ్చిన చిక్కం నేల మీద పడుంది. దాని వల కుర్చీ కాలి కింద నలుగుతోంది. శౌరి దాన్ని చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"కింద పడెయ్యమంటే పైకెందుకెత్తారు?" అని ఆవిడ అడిగారు.

"కింద పెట్టకూడదండీ."

"ఎందుకని?"

"పెట్టరండీ."

"ఎవరు పెట్టరు?"

ఇన్నాళ్ళూ ఎవరైనా అడిగితే బాగుండునని తపించిపోయిన శౌరికి, తీరా అడిగేసరికి మాట దొరకలేదు. అన్నం కుడిచేత్తో ఎందుకు తింటావంటే ఏం చెప్తాడు? "మేమెవరం పెట్టమండీ" అన్నాడు. గుమాస్తా అదే రాసుకున్నాడు. వెంకట్ సన్నగా నవ్వాడు. ఆవిడ నిట్టూర్చి కాగితాలు సర్దుకున్నారు, "సరే, వెళ్ళండి" అన్నారు.

అయిపోయింది. చెప్పుకునే అవకాశం చేతిదాకా వచ్చి జారిపోయింది. శౌరి లేచి నాలుగడుగులు వేశాడు. గుమాస్తా కుర్చీ వెనక్కి జరిపేసరికి వల కరకరమంది. ఇక శౌరి వల్ల కాలేదు. వంగి, విరిగిన కుడిచెయ్యి ఇంకా ముడుచుకోదు కాబట్టి ఎడమచేత్తో గడ పట్టుకుని లాగాడు. తల మీదుగా పైకెత్తి, గిరుక్కున అటు తిప్పాడు. వెంకట్ కెవ్వుమని రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుని బీరువాకి కొట్టుకున్నాడు.

శౌరి అతన్ని చూడనే లేదు. చిక్కాన్ని గోడకి ఆనించాడు. వలని చేతిలోకి తీసుకుని, పట్టిన ఇసకని వేళ్ళతో గిల్లి గిల్లి తీస్తూ, తెగిన ముడి దగ్గర ఆగి "అయ్యయ్యో" అనుకున్నాడు. తనెక్కడున్నదీ అప్పుడు గుర్తొచ్చి గబుక్కున తిరిగాడు. "తప్పయిపోయిందండీ అమ్మగారూ! నేల మీద పడుంటే చూడలేక..."

సౌభాగ్యలక్ష్మి గారు మూత పెట్టిన పెన్ను మళ్ళీ తెరిచారు. వెంకట్ వైపు చూశారు.

"ఆ రోజు కూడా ఇలాగేనా ఎత్తింది?"

వెంకట్ చేతులు దించాడు. గోడకి ఆనించి ఉన్న చిక్కం వైపు చూశాడు, శౌరి చేతిలోని ఇసక వైపు చూశాడు. పాపం, అబద్ధం ఆడదామని నోరు తెరిచాడో ఏమో, రాలేదు.

"ఇలాగేనండి" అన్నాడు.

ఆవిడ చాలాసేపు తనే స్వయంగా రాశారు. ఈ మాట రిపోర్టులో పెడతాననీ, శౌరి మీద పెట్టిన కేసు తీసెయ్యమని రాస్తాననీ చెప్పారు. చిక్కం కొలతలు రాసుకుని అతని పనిముట్టు అతనికి ఇచ్చెయ్యమన్నారు. గుమ్మం దాటుతుంటే "ఆ చేతికి మంచి డాక్టర్‌ని చూపించుకోండి" అన్నారు. శౌరి నమస్కారం పెట్టబోయాడు, కుడిచెయ్యి సగమే లేచింది.

చిక్కంతో బస్సెక్కనివ్వలేదు. నాలుగు కిలోమీటర్లు భుజాన పెట్టుకుని నడిచాడు. దారిలో బైకు మీద పోతున్న ఇద్దరు గుర్తుపట్టి, బండి నిదానించి, ఫోను అతని వైపు పెట్టారు. "ఏం పెద్దాయనా, ఇవాళ ఎవరి మీదకి?" అని నవ్వుకుంటూ పోయారు. శౌరికి కోపం రాలేదు. షీబాకి ఎప్పుడు చెబుదామా అనే ఆత్రంలో వాళ్ళ మాట సరిగ్గా చెవికెక్కలేదు కూడా.

ఇంటి ముందుకొచ్చి, చిక్కాన్ని భుజం మీంచి దించకుండానే, ఎడమచేత్తో ఫోను తీసి నొక్కాడు. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాడు. కుర్చీ కాలి కింద వల నలగడం, ఉండబట్టలేక తను ఎత్తడం, వెంకట్ హడలిపోవడం, ఇలాగేనండి అనడం, అన్నీ. వల అన్న మాట రెండుసార్లు ఎక్కువే చెప్పాడు. "ఇసకంతా తీశానమ్మా, వలకి ఎంత ఇసక పట్టిందనుకున్నావు!" అన్నాడు. అని, ఊపిరి బిగబట్టి ఆగాడు.

అవతల షీబా సంతోషంగానే అంది.

"మంచిదే కదా నాన్నా! ఎవరైనా వీడియో తీశారా? ఉంటే పంపించమను, ఆయనకి చూపిస్తాను."

"లేదమ్మా. ఫోన్లన్నీ బయటే పెట్టించారు."

"అయ్యో" అంది షీబా. "సరేలే నాన్నా. వేళకి తిను."

శౌరి ఫోను జేబులో వేసుకున్నాడు. చిక్కాన్ని గోడకి ఆనించి, వల నేలకి తగలట్లేదని రెండుసార్లు చూసుకున్నాడు. ఎంత జాగ్రత్తగా పెట్టాడో చూసి చెప్పడానికి ఆ చుట్టుపక్కల ఒక్క మనిషి లేడు. లోపలికెళ్ళి ఎడమచేత్తో పొయ్యి వెలిగించుకున్నాడు.