నానఖటాయి మీద తాళంచెవి

నిన్న మా కోడలి ఓవెన్ నుంచి నేతి వాసన రాగానే కర్నూలులో బేకరీ బట్టీ ముందు నిలబడినట్టయింది. దసరాకు మైదా, చక్కెర, నెయ్యి ఇంట్లోనే కలిపి, నానఖటాయి ఉండలను రేకుల్లో పేర్చి కాల్పించుకోవడానికి మన వీధి పిల్లలమంతా మోసుకెళ్ళేవాళ్ళం, గుర్తుందా? వీధిలోని రేకులన్నీ ఒకే బట్టీలోకి పోయేవి. అందుకే అమ్మ మా ఉండల మీద బీరువా తాళంచెవి అద్దేది.

ఒకసారి నన్నొక్కదాన్నే పంపింది. బట్టీలోకి తొంగిచూస్తే ఉండలు మెత్తబడి పరుచుకుంటున్నాయి. గుర్తు చెరిగిపోతే మా నేతి బిస్కత్తులు ఎదురింటికి పోతాయి. వాళ్ళది డాల్డా.

"మామా, మా గుర్తు పోతాండాది!"

బట్టీ చూసే ఖాదర్ మామ నవ్వాడు. "యాడికి పోతాదమ్మా? అదీ పెరుగుతాండాది, ఉండు."

రేకు బయటికి లాగాడు. పగుళ్ళు విచ్చిన ప్రతి బంగారు బిస్కత్తు మీదా అమ్మ తాళంచెవి, అద్దినదానికంటే పెద్దదై కనిపించింది. 

నిన్న రెండో వాయి ఉండల మీద నేనూ బీరువా తాళంచెవి కడిగి అద్దాను. ఓవెన్ దగ్గరికి పోవద్దని రోజూ నేను కసిరే మనవరాలు దాని అద్దానికి ముఖం దగ్గరగా పెట్టి అరిచింది.

"అవ్వా, తాళంచెవి పెరుగుతాండాది!"

"కొంచెం జరగవే," అని నేనూ పక్కన కూర్చున్నాను.