టైలరమ్మ కోసిన పడవ

ఆ వీధిలో ఆమెను అందరూ టైలరమ్మ అనే పిలిచేవారు. చెయ్యి నెమ్మది, నోరు చురుకు. గుడ్డ మీద కత్తెర పెట్టాలంటే మాత్రం ప్రాణం గిలగిల్లాడేది. కొలిచిందే మళ్లీ మళ్లీ కొలిచేది.

ఆమె తండ్రి పడవలు కట్టేవాడు. ఆ పని కొడుకులకు నేర్పబోతే వాళ్లు ఉలిని చూసి పాముని చూసినట్టు పారిపోయారు. నేర్పమని వెంటపడిన కూతుర్ని మాత్రం ఆయన షెడ్డు గడప తొక్కనివ్వలేదు. అందుకే, ఏటి ఒడ్డున పాత గోడౌనులో ఊరివాళ్లకి పడవపని నేర్పుతారని తెలియగానే, నడివయసులో వెళ్లి అందరికంటే ముందు పేరు రాయించుకుంది. నేర్పే మేస్త్రి ఒకప్పుడు ఆమె తండ్రి దగ్గర పనిచేసినవాడే.

"బట్టలు కుట్టే చేత్తో ఇప్పుడు చెక్కలు కుడతావా?" అంది అత్తగారు.

"కుట్టడమే కదా అత్తయ్యా, దారం బదులు మేకులు. అంతే తేడా."

సాయంత్రాలు కొట్టు మూసి వెళ్లేది. చిత్రిక పట్టడం, పలకను ఆవిరికి మెత్తబరిచి వంచడం నేర్చుకుంది. పడవను బోర్లించి కడుతున్నారు. అంచున వేసే ఆఖరి పలకను మేస్త్రి ఆమెకే అప్పగించాడు. అది సందు లేకుండా కూర్చున్న రోజున ఇంట్లో ఆమెను పట్టడం ఎవరి తరమూ కాలేదు.

తర్వాత పడవను తిరగేసే రోజు వచ్చింది. నేర్చుకునేవాళ్లందరూ చేతులు వేశారు. రెండు వైపులా తాళ్లు కట్టి, పడవను మెల్లగా లేపి ఒక అంచు మీద నిలబెట్టారు. సరిగ్గా అప్పుడే కింద పెట్టిన దిమ్మ జారింది. దాన్ని కాలితో తోయబోయిన మేస్త్రి కెవ్వున అరిచాడు. పడవ అంచు అతని చీలమండ మీద కూర్చుంది.

"లేపండి!" అన్నారెవరో. లేపబోతే పడవ అతని మోకాలి వైపు జరిగింది. వదిలితే మనిషి మీదికే వస్తుంది. తాళ్లు పట్టుకున్నవాళ్లు వెనక్కి వాలి బిగబట్టారు. వాళ్లలో ఉన్న రిటైరైన పోస్ట్‌మాన్ ముఖం ఎర్రగా కందిపోయింది. "ఇంకెంతోసేపు ఆపలేనమ్మా," అన్నాడాయన.

టైలరమ్మ మేస్త్రి కాలికి అటూ ఇటూ చెక్క ముక్కలు దూర్చింది. బరువు కొంత వాటి మీదికి వెళ్లింది గానీ కాలు మాత్రం బయటికి రాలేదు. ఆమె లేచి గోడకున్న రంపం అందుకుంది.

మేస్త్రికి అర్థమైపోయింది. "చెల్లెమ్మా, వద్దు! పలక మీద రంపం పెట్టావంటే ఊరుకోను. జాకీ తెప్పించండి!"

"అది వచ్చేదాకా వీళ్ల చేతులు ఆగాలిగా!"

"కాలు పోతే పోనీ. పడవ జోలికెళ్లకు!"

"నువ్వు నోరు మూసుకో అన్నయ్యా!"

పెద్దవాణ్ణి అలా కసురుకోవడం ఆమె జీవితంలో అదే మొదలు. ఈసారి కొలత లేదు, గీత లేదు. కాలికి ఇటు పక్క ఒక కోత, అటు పక్క ఒక కోత. రంపం కదిలినప్పుడల్లా పడవ గజగజలాడింది. చెమట కళ్లలోకి దిగుతున్నా తుడుచుకోలేదు. రెండు కోతల మధ్య ఉలి ఆనించి సుత్తితో కొట్టింది. తన చేత్తో బిగించిన పలక ఫెళ్లున విరిగి ముక్క ఊడిపడింది. మేస్త్రిని చంకల కింద పట్టుకుని వెనక్కి లాగేసింది. మరుక్షణం తాళ్లు జారాయి. పడవ నేలకు కొట్టుకున్న చప్పుడుకి కిటికీ అద్దాలు అదిరాయి.

ఎముక విరిగింది గానీ కాలు దక్కిందన్నాడు డాక్టరు.

అయినా ఆమెకి నిద్ర పట్టలేదు. "కాస్త ఓపిక పడితే పడవ దక్కేది," అని గోడౌనులో కొందరు గొణిగారని తెలిసింది. మేస్త్రి నుంచి కబురే లేదు. బస్సు డ్యూటీ దిగి వచ్చిన భర్త ఆమె వాలకం చూశాడు. "ఇలా కుమిలిపోయే బదులు, వెళ్లి ఆ నాలుగు చీవాట్లేవో తినేసి రా," అన్నాడు.

వెళ్లింది. మేస్త్రి మంచం మీద కట్టుకాలు చాపుకుని గోడ వైపు తిరిగి ఉన్నాడు. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఆ విరిగిన ముక్కేం చేశావు?" అన్నాడు, ఇటు తిరక్కుండానే.

"పొయ్యిలో పెట్టేశా."

"బతికించావు. మళ్లీ దాన్నే అతికించావేమోనని భయపడి చస్తున్నా." ఇటు తిరిగాడు. కళ్లు తడిగా ఉన్నాయి. "అటూ ఇటూ ఇంకా బారెడు కోసి, కొత్త పలకతో ఏటవాలు అతుకు వెయ్యాలి. చేస్తావా?"

"మళ్లీ కొయ్యాలా?"

"కోశాక భయమేంటే, పిచ్చిమొహమా!"

మేస్త్రి కుర్చీలో కూర్చుని చెబుతుంటే అతుకంతా ఆమే వేసింది. గొణిగినవాళ్లే పలక పట్టుకున్నారు. పడవను నీళ్లలోకి దించిన పొద్దున ఆమె లోపల మోకాళ్ల మీద కూర్చుని అతుకును వేళ్లతో తడుముతూనే ఉంది. అలలు వచ్చి కొట్టినా తడి తగల్లేదు. నీళ్లు ఊరింది మాత్రం మేస్త్రి సొంతంగా బిగించిన పడవ ముక్కు దగ్గర!

ఒడ్డున చేతికర్ర మీద నిలబడ్డ మేస్త్రి, "నాలుగు రోజులు నానితే చెక్క ఉబ్బి అదే మూసుకుంటుందిలే!" అని అరిచాడు.

ఆమె చెంబుతో నీళ్లు తోడుతూ పడీ పడీ నవ్వింది.