మట్టి బడి చూడ్డానికి మొగల్తూరు దాకా

ఈ ప్రయాణం నేను కోరి పెట్టుకున్నది కాదండి. ఒద్దన్నందుకు నా నెత్తిన పడ్డది. నాకు సంతకం తప్ప చదువు రాదు, నేను చెప్తుంటే మా మేష్టారు రాస్తున్నారు. మట్టి బడి ఏంటో చూసొద్దామనుకునే వాళ్ళకి దారైనా తెలుస్తుందని.

మాది మండపేట దగ్గర పల్లె. మా బడి స్లాబు పెచ్చులూడి ఇనప చువ్వలు బయటపడ్డాయి. రెండేళ్ళుగా పిల్లలు వరండాలోనే. కొత్త బడి కట్టిస్తామని పట్నం నుంచి ఒక ఇంజనీరమ్మ వస్తే అందరం సంతోషించాం. మట్టితో కడతామంది. అంతే, నేను లేచి నిలబడ్డాను.

"నా మొగుణ్ణి తినేసింది మట్టి గోడేనండి. దాని కింద నా మనవరాల్ని కూర్చోబెట్టను" అన్నాను.

మా అమ్మాయి కువైట్లో పనికెళ్ళింది, మనవరాలు దుర్గకి నేనే దిక్కు. నా మొగుడు ఎలా పోయాడో ఊరందరికీ తెలుసు. సగంమంది నా వెనకే లేచారు. బడి పిల్లల పెద్దవాళ్ళందరూ ఒప్పుకుంటేనే కడతారట. మేష్టారు నా దగ్గరికొచ్చి, "అలాంటిది మొగల్తూరు అవతల ఒకటుంది. చూసి రండి సత్తెమ్మగారూ. చూశాక కూడా ఒద్దంటే ఇక ఆ మాటెత్తను" అన్నారు.

శ్రావణమాసం. పొద్దున్న ఐదున్నరకి మండపేటలో బస్సెక్కాం, నేనూ మా పక్కింటి పద్మా. దాని పిల్లలదీ అదే బడి. ఆరున్నరకి రావులపాలెం. అరటిగెలల లారీల మధ్య నిలబడ్డానికే చోటు లేదు. ఏడింటికి నరసాపురం బస్సు దొరికింది. సిద్ధాంతం వంతెన కింద గోదారి ఎర్రగా, నిండుగా పోతోంది.

పాలకొల్లులో ఒకావిడ ఎక్కింది. కూర్చోగానే సంచిలోంచి దారం తీసి లేసు అల్లడం మొదలెట్టింది. ఎక్కడికని అడిగితే చెప్పాం.

"మట్టి బడికా! మా ఊళ్ళో మట్టిల్లు పడగొట్టడానికి లోన్లు తీసుకుంటున్నారు. డాబా లేకపోతే పిల్లనే ఇవ్వరు" అని నవ్వింది.

"చూడ్డానికేనండి, తెచ్చుకోడానికి కాదు" అంది పద్మ.

తొమ్మిదిన్నరకి నరసాపురంలో దిగి బస్టాండెదురుగా పెసరట్టు ఉప్మా తిన్నాం. అక్కణ్ణించి మొగల్తూరుకి బస్సు, ఆ పైన సరుగుడు తోటల్లోంచి ఆటో. తిరుగు ఆటో ముందే మాట్లాడుకోండి. మేం మాట్లాడుకోక మూడు మైళ్ళు నడిచాం.

పూరిపాక ఉంటుందనుకుని వెళ్ళానండి. ఎదురుగా ఎర్రటి గోడలు, మూరెడు మందం. మోకాలెత్తు దాకా రాయి, పైనంతా మట్టి. తాటి దూలాల మీద పెంకులు. చూరు మనిషి చాపిన చెయ్యంత బయటికుంది. గోడ మీద చెయ్యి పెడితే కుండని ముట్టుకున్నట్టు చల్లగా ఉంది. గభాల్న చెయ్యి తీసేశాను. మా ఆయన పోయాక మట్టి గోడని ముట్టుకోడం అదే మొదలు.

లోపల పంకా తిరుగుతోంది. దారిలో ఆటో అబ్బాయి కరెంటు పోయిందన్నాడే? కప్పు మీద నల్ల పలకలు చూపించింది అక్కడి టీచరమ్మ. అవి ఎండని పట్టి కరెంటు చేస్తాయంట. "ఇవాళ మబ్బు కదమ్మా" అన్నాను. "నిన్నటి ఎండ బ్యాటరీల్లో దాచామండి" అంది. ఎండని దాచడమేంటండి, ఆవకాయా?

పన్నెండున్నరకి పిల్లలతోపాటు మాకూ అన్నం, పప్పుచారు పెట్టారు. వంటింట్లో పొగ లేదు, సిలిండరు లేదు. గ్యాసు ఎక్కణ్ణించని వంటామెని అడిగాను.

"ఆ గొట్టంలోంచండి. ఆవుపేడా, పిల్లల మరుగుదొడ్లూ అన్నీ ఓ గోతిలోకి పోతాయి. అందులోంచి వస్తుంది."

ముద్ద నోట్లోనే ఉండిపోయింది. పద్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది.

"మంట మంటేనండి. మీరు ఊకపొయ్యి దగ్గర ఏడుస్తూ వండుతారు, నేను పాడుకుంటూ వండుతున్నాను" అంది వంటామె. మింగాను. అబద్ధమెందుకు, పప్పుచారు బాగుంది.

ఒంటిగంట దాటాక వాన దిగింది. సముద్రం వైపు నుంచి ఒక్క పెట్టున. నేను తరగతి గదిలో వెనక చాప మీద కూర్చున్నాను. ఏం చేశానో నాకే తెలీదు. లేచి బయటికి పరిగెత్తి, వానలో నిలబడి, "బయటికి రండి! గోడ పడిపోద్ది, రండర్రా!" అని అరిచాను. పిల్లలు పగలబడి నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. గోనెసంచి కప్పుకుని ఒక ముసలి మేస్త్రి వచ్చి నా రెక్క పట్టుకున్నాడు.

"గోడ చూడండమ్మా. తడిసిందా?"

చూశాను. చూరు నీళ్ళు దూరంగా పడుతున్నాయి. గోడ పొడిగా ఉంది.

పక్కన కొత్త గది కడుతున్నారు. అక్కడికి తీసుకెళ్ళాడు. స్తంభాలు పాతి కప్పు ముందే వేసేశారు, గోడ తర్వాత లేపుతున్నారు! ఒక్క వరస మట్టే పెట్టి ఉంది. కూలీలు ఖాళీగా కూర్చుని చీట్లపేక ఆడుతున్నారు.

"పనాపేశారేంటి?"

"ఆరలేదండి. మూడ్రోజులైంది, ఇంకా పచ్చే. ఆరితేనే పై వరస."

"ఈలోగా కూలి?"

"ఆరేదాకా సగం కూలి ఇస్తారు. లేకపోతే ఎవరాగుతారండి? కడుపు కాలి తొందరపడతారు, తొందరపడితే గోడ జారుద్ది."

నేను వంగి ఆ వరసని వేలితో నొక్కాను, మెత్తగా దిగింది.

నేనూ నా మొగుడూ గోడల పని చేసేవాళ్ళమండి. నేను మట్టి తొక్కి ముద్దలందిస్తే ఆయన పెట్టేవాడు. ఆవేళ ఓ రైతు ధాన్యపు కొట్టుకి గోడ. మర్నాడు మా పుట్టింట్లో పెళ్ళి. "ఆరలేదే సత్తీ, రేపు పెడదాం" అన్నాడాయన. "ఏం కాదులే, ముగించెయ్" అని నేనే ముద్దలందించాను. ఒక రోజులో మూడు వరసలు. సాయంత్రం చినుకు పడితే, తాటాకు కప్పుదామని గోడ పక్కకి వెళ్ళాడు. మొత్తం ఆయన మీదకి జారింది.

మూడున్నరకి మొగల్తూరు దాకా నడక మొదలెట్టాం. ఐదింటికి నరసాపురంలో బస్సు దొరికింది. పాలకొల్లు దాటాక పద్మకి ఇదంతా చెప్పాను.

"మరి ఇన్నాళ్ళూ మట్టి చంపిందన్నావే పిన్నీ?"

"నన్ను నేను తిట్టుకోలేక దాన్ని ఆడిపోసుకున్నానే."

సిద్ధాంతం వంతెన ఎక్కాక పద్మ నెమ్మదిగా అడిగింది. "రేపు మీటింగులో బడికి సరేనంటావు కదా?"

"అంటాను."

"అదొక్కటే అను పిన్నీ. ఇదంతా అందరిముందూ ఎందుకు, సరేనంటే చాలదా?"

"చాలదే పద్మా. ఉత్తినే సరేనంటే, వచ్చే వానల్లోపు అయిపోవాలని మనవాళ్ళూ తొందరపడతారు. ఆవేళ ఆయన్ని తొందరపెట్టిన దాన్ని నేనేనని చెప్తేనే ఆగుతారు."