పాత విత్తనం వద్దన్న బేరం

పాత సరుకు ధరకే కొత్త సరుకు రాబట్టడం అందరివల్లా కాదు. నాలుగేళ్ల కిందట, తొలకరికి ముందు, నేను రాబట్టాను. ఫలితంగా తాండూరు వైపు ఓ ఊరి గైరాన్, అంటే ఊరుమ్మడి మేత భూమి, వానాకాలమంతా బోడిగానే ఉండిపోయింది.

వికారాబాద్‌లో మాది కిరాణా దుకాణం. చింతపండు బస్తాలో చెయ్యి మోచేతిదాకా దూర్చి అడుగున ఏముందో చూడకుండా మా ఇంట్లో ఎవరూ బేరం మొదలుపెట్టరు. అందుకేనేమో, బీళ్లలో గడ్డి పెంచే సంస్థ నన్ను కొనుగోళ్లకు పెట్టుకుంది. ఆ గైరాన్‌లో మట్టి కొట్టుకుపోయి నాపరాయి తేలింది. వాన నీరు ఆగేలా ట్రెంచ్‌లు, అంటే అడ్డంగా కందకాలు తవ్వించి, వాటి గట్ల మీద అంజన్ గడ్డి విత్తనం చల్లాలి. మొలక నిలదొక్కుకునేదాకా గొర్రెలు అడుగుపెట్టకూడదు. దాన్ని మేం క్లోజర్ అంటాం. అరవై గొర్రెలున్న మల్లయ్య నా మాట మీద దానికి ఒప్పుకున్నాడు.

విత్తనం దౌల్తాబాద్ దగ్గర గడ్డి గింజలు అమ్మే శాంతమ్మ దగ్గరుంది. రెండు కుప్పలు: ఒకటి నిరుటిది, ఇంకొకటి బోరు నీళ్లతో పెంచి మొన్ననే దులిపింది.

"నిరుటిది తీస్కపో సారూ. కొత్త గింజ ఇంకా నిద్రల ఉంటది, మొలవదు," అంది.

"అమ్మా, దుకాణంల పుట్టినోన్ని. పాత సరుకు ఎట్ల అంటగడ్తరో నాకు తెల్వదా? నిరుటిదాని ధరకే కొత్తదియ్యి."

"తెలిస్తే మంచిదే. కొత్తది ఆర్నెల్లు ఉంచి అమ్ముకుంట. ధర తగ్గియ్య."

గంటసేపు పీక్కుతిన్నాక, "నీతోని నోరు నొయ్యవట్టె, తీస్కపో," అంది. అంత తేలిగ్గా లొంగిందేమని మళ్లీ అనుమానమొచ్చి, ఇసుక కలిపిందేమో ప్రతి సంచిలో చెయ్యి పెట్టి చూశాను. వంద గింజలు తడిగుడ్డలో చుట్టి ఎన్ని మొలుస్తాయో లెక్కపెట్టే జర్మినేషన్ టెస్ట్ మాత్రం చెయ్యలేదు.

వానలు బాగానే పడ్డాయి. నెల గడిచినా గట్ల మీద అక్కడక్కడా నాలుగు పోచలే. ముందు కూలీలు విత్తనం దాచుకున్నారనుకున్నాను. దాచుకుని ఎవరికమ్ముతారు, నాలాంటి వాడికి తప్ప! తర్వాత మల్లయ్య మీద పడ్డాను. ఓ పొద్దున గట్ల వెంట గొర్రె పెంటికల కోసం వెతుకుతుంటే వెనకనుంచి అతనే వచ్చాడు.

"ఏం పోగొట్టుకున్నవు సారూ?"

"నీ గొర్లు లోపటికొచ్చినయా మల్లన్నా?"

"వస్తే పెంటికలు పచ్చియి ఉండయా? చేతవట్టి చూడు."

నిజంగానే పట్టి చూశాను. పొడిపొడిగా రాలాయి.

"మేత లేక పదకొండు గొర్లు అమ్మిన," అన్నాడు మల్లయ్య. "నన్నే దొంగను చెయ్యవడ్తివి."

ఇక మిగిలింది శాంతమ్మ. సంచి అడుగున మిగిలిన గింజలు తీసుకుని పోట్లాటకు పోయాను. ఆమె నా గింజలు వంద, తన నిరుటి గింజలు వంద వేర్వేరు గుడ్డల్లో తడిపి చుట్టి, "వారానికి రా" అంది. వారానికి పోతే పాత గింజల గుడ్డనిండా తెల్లటి మొలకలు. నా గుడ్డలో ఆరు.

ఆమె నిద్ర అన్నదాన్ని మా ఆఫీసులో డార్మెన్సీ అంటారు. అంజన్ గింజ దులిపాక కొన్ని నెలలదాకా సరిగా మొలవదు. పాత బియ్యానికి ఎక్కువ ధర చెప్పే దుకాణంలో పెరిగి కూడా నాకది తట్టలేదు.

మల్లయ్య దగ్గరికి పోయి, తప్పు నాదేనని చెప్పి, ఇంకో వానాకాలం ఆగమన్నాను.

"ఈపారి విత్తనం కొనేటప్పుడు నేనొస్త," అన్నాడు. "నువ్వు నోరు తెరవద్దు."

తెరవలేదు. శాంతమ్మ తడిగుడ్డలో మొలిపించి చూపిన విత్తనాన్నే, ఆమె చెప్పిన ధరకే కొన్నాం. మరుసటి వానాకాలం గడ్డి మోకాలెత్తు లేచింది. మొదటి ఏడాది చల్లిన గింజ కూడా కొంత అప్పుడే నిద్ర లేచింది. తడిగుడ్డ విప్పి చూడందే ఇప్పుడు నేను ధర అడగను.

ఆ బేరంలో సంస్థకు మిగిల్చింది పద్దెనిమిది వందల రూపాయలు. పోయింది గైరాన్‌కు ఒక వానాకాలం, మల్లయ్యకు పదకొండు గొర్రెలు. ఇన్నేళ్లలో నా జీతంలోంచి రెండు కొనిచ్చాను. ఇంకా తొమ్మిది ఇవ్వాలి.